వెళ్ళాడా, పాలీ?

పెన్‌వెరా రేవులో ఆ ఏడు పదిహేడు చిలకలుండేవి. పదిహేడింటికీ ఒకటే పేరు. పాలీ. గినీ తీరం నుంచి వచ్చిన బూడిదరంగుదైనా పాలీయే, బ్రెజిల్ నుంచి వచ్చిన పచ్చదైనా పాలీయే, ఆడదైనా మగదైనా పాలీయే. ఓడలవాళ్ళు తెచ్చి పెళ్ళాల చేతుల్లో పెట్టేవాళ్ళు, పెళ్ళాలు పంజరం కిటికీలో తగిలించి మరో ఆలోచన లేకుండా ఆ పేరే పిలిచేవాళ్ళు. కుక్కపిల్లకి పేరు పెట్టాలంటే ఇంటిల్లిపాదీ మూడు రోజులు పోట్లాడుకునే జనం, చిలక దగ్గరికొచ్చేసరికి బుర్రలకి తాళం వేసుకునేవాళ్ళు. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది. ఆ ఒక్క పేరు మాటునే అంబ్రోస్ కెల్లో మా ఊరందరి కళ్ళూ కప్పాడు.

కెజియా ట్రిగ్‌కి అప్పటికి ముప్ఫై ఎనిమిదేళ్ళు. మొగుడు చేపల పడవతో సహా మునిగిపోయి ఆరేళ్ళయింది. కుంకుమపువ్వు వేసి తీపి రొట్టెలు కాల్చి రేవులో అమ్ముకుంటూ, గుట్ట కింద రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉండేది. పిల్లాజెల్లా లేరు. ఆరేళ్ళు గోడలతో మాట్లాడిన మనిషి. అలాంటి మనిషి దగ్గరికి అంబ్రోస్ వచ్చి, గాలికి ఊడిన ఇంటికప్పు పలకలు తన చేత్తో సరిచేసి, "నీ చేతి రొట్టె తిన్నాక ఇక ఓడెక్కబుద్ధి కావడం లేదు, చిట్టీ" అన్నాడు. కరిగిపోయింది. తప్పేముంది? రాయయినా కరుగుతుంది.

అంబ్రోస్ కెల్లో పాతికేళ్ళు ఓడల్లో తిరిగి, ఏడాది కిందట మా రేవుకొచ్చి గుట్ట మీద ఇల్లు తీసుకున్నాడు. ఎక్కడివాడివయ్యా అంటే పైదేశం అనేవాడు; ఈ దేశంలోనే మా రేవుకి ఎగువన ఉన్న ఊళ్ళన్నీ మాకు పైదేశమే. పెళ్ళయిందా అంటే సముద్రాన్ని కట్టుకున్నవాడికి పిల్లనెవరిస్తారని నవ్వేవాడు. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. ఎవరింటికి వెళ్ళినా వచ్చేసేటప్పుడు ఒక అలవాటు ఉండేది: గుమ్మంలో ఆగి, పొగపైపు బోర్లించి, బూడిద రాలేలా తలుపు బద్ద మీద మూడుసార్లు కొట్టేవాడు. టక్, టక్, టక్. ఆ తరవాత గొళ్ళెం పడేది.

పెళ్ళి ఖాయమయ్యాక ఒక బుధవారం మధ్యాహ్నం కెజియా ఇంట్లో తేనీటి విందు జరిగింది. విందంటే ఎంతమంది, నలుగురే. కెజియా, ఆమె అక్క డోర్కస్, పాదిరి లాంబర్న్ గారు, అంబ్రోస్. అతను పెద్ద పంజరమొకటి నల్లగుడ్డ కప్పి మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు.

"గినీ తీరంలో పిల్లగా ఉన్నప్పుడు కొన్నాను. నా ఓడ గదిలో తప్ప ఏ ఇంటి గడపా తొక్కలేదు. ఆడగొంతు ఎలా ఉంటుందో దీనికి తెలీదు. ఒక్క మాట రాదు. నువ్వేం నేర్పితే అదే దీని మొదటి మాట, చిట్టీ" అన్నాడు.

కెజియా కళ్ళు చెమర్చాయి. గుడ్డ తీద్దామని లేచిందో లేదో, గుడ్డ లోపలి నుంచి మెత్తటి గొంతుతో, "పాలీ. మంచి పాలీ" అని వినిపించింది.

డోర్కస్ చప్పట్లు కొట్టింది. "అమ్మ దొంగా! పేరు చెప్పేసిందే!"

పాదిరి గారు గడ్డం మీద రొట్టె పొడి దులుపుకుంటూ నవ్వారు. "ఈ దేశంలో చిలకలు గుడ్డులోంచే పాలీ అనుకుంటూ వస్తాయమ్మా. ఆ పేరెలా వచ్చిందో తెలుసా? మేరీని ముద్దుగా మాలీ అనేవాళ్ళు. మాలీ కాస్తా పాలీ అయింది. ఎవరో ఒక మహాతల్లి ఎప్పుడో తన చిలకని అలా పిలిచింది, అంతే, ఊళ్ళన్నిటికీ గజ్జిలా అంటుకుంది."

"చిలక అన్నాక పాలీ అనక ఇంకేమంటుంది?" అని అంబ్రోస్ కూడా నవ్వాడు.

కెజియా కూడా నవ్వింది. చూశారా? నలుగురున్నారు గదిలో. అందులో ఒకాయన చదువుకున్న పాదిరి. ఒక్క మాట రాదని చెప్పిన పక్షి అప్పటికప్పుడే మాట పలికితే, ఒక్కరి చెవైనా నిక్కపొడుచుకోలేదు. కుక్క మొరిగితే నీకెవరు నేర్పారని అడుగుతామా? మా వాళ్ళకి చిలక పాలీ అనడం అలాంటిదే. అంబ్రోస్‌దీ అదే దేశం, అదే బుర్ర. ఆ మాట తన అబద్ధాన్ని బయటపెట్టిందని అతనికీ తట్టలేదు.

"నేను మాత్రం పాలీ అనను" అంది కెజియా. "వీధిలో ఉన్నవి చాలవా? బైబిల్లో యోబు గారి రెండో కూతురి పేరు నాకు పెట్టారు. దీనికి పెద్దకూతురి పేరు పెడతాను. జెమీమా."

"నీకు పిచ్చి ముదిరింది" అంది డోర్కస్.

అయిదింటికి అందరూ లేచారు. డోర్కస్‌నీ పాదిరి గారినీ ముందు పంపించి, అంబ్రోస్ చివర్న గుమ్మంలో ఆగాడు. టక్, టక్, టక్. గొళ్ళెం పడింది. కెజియా కప్పులు తొట్టిలో వేసి చేతులు తడుపుకుందో లేదో, వెనకనుంచి ఎవరో గుసగుసగా అన్నారు.

"వెళ్ళాడా, పాలీ?"

డోర్కస్ మళ్ళీ వచ్చిందనుకుని వెనక్కి తిరిగింది. గదిలో ఎవరూ లేరు. చిలక మాత్రం పంజరంలో వెనకమూలకి ఒదిగి, ఈకలన్నీ ఒంటికి అంటించుకుని, తలుపుకేసి చూస్తోంది.

"ఏం చోద్యమే ఇది" అంది కెజియా పైకే. రొట్టెముక్క పెట్టింది. చిలక తినలేదు.

ఆ వచ్చే ఆదివారమే గుళ్ళో మొదటి చాటింపు. ఫలానావాడు ఫలానాదాన్ని పెళ్ళాడబోతున్నాడు, ఎవరికైనా అభ్యంతరముంటే లేచి చెప్పండని పాదిరి వరసగా మూడు ఆదివారాలు అడగాలి. అయితే తన పెళ్ళి చాటింపు తన చెవిన పడడం ఆడదానికి అరిష్టమని మా వాళ్ళ నమ్మకం. అందుకని పెళ్ళికూతుళ్ళు ఆ మూడు వారాలూ గుడి ముఖం చూడరు. కెజియా ఇంట్లోనే ఉండిపోయింది. అంబ్రోస్‌కి అలాంటి పట్టింపులేం లేవు. వెనక వరసలో కూర్చుని, తన పేరు తను విని, బయటికొచ్చి అందరితోనూ చేతులు కలిపాడు.

ఆ వారమంతా కెజియా ఒక సంగతి గమనిస్తూ వచ్చింది. బొగ్గులవాడు వచ్చి వెళ్ళాడు. చిలక కిక్కురుమనలేదు. పాదిరి గారు వచ్చి రెండు రొట్టెలు లాగించి వెళ్ళారు. చిలక ఆయనకేసి చూడనైనా లేదు. అంబ్రోస్ వచ్చి ఉన్నంతసేపూ రాయిలా ఉండేది. అతను పైపు కొట్టి, గొళ్ళెం పడేలా తలుపు వేసి వెళ్ళాక, గుక్క తిప్పుకునేంత ఆగి, అదే గుసగుస. వెళ్ళాడా, పాలీ? అది డోర్కస్ గొంతు కాదు, తన గొంతు కాదు, మా రేవు యాసే కాదు. పైదేశపు ఆడమనిషిది. వయసులో ఉన్న గొంతు. దేనికో హడలి చచ్చిపోతున్న గొంతు.

కెజియాకి నిద్ర పట్టడం మానేసింది. అయినా మనసుకి సర్దిచెప్పుకుంటూనే ఉంది, పాపం. ఓడల్లో ఆడవాళ్ళు ప్రయాణం చెయ్యరా? ఎవరో విసుగు పుట్టి చిలకతో కబుర్లాడి ఉంటారు. అంతే. ఆరేళ్ళ తరవాత తలుపు తట్టిన మనిషిని ఒక పిట్ట మాట పట్టుకుని పోగొట్టుకుంటానా, అనుకుంది.

రెండో ఆదివారం వచ్చింది. గంట మోగింది, వీధి వీధంతా గుళ్ళోకి వెళ్ళింది. రేవులో పడవల తాళ్ళు కిరకిరమంటున్న చప్పుడు తప్ప మరేం లేదు. కెజియా చాలాసేపు చిలక ఎదురుగా కూర్చుంది. చివరికి లేచి, పిండి కలిపే కర్రగరిటె తీసుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళింది. తలుపు బద్ద మీద కొట్టింది. టక్, టక్, టక్. తలుపు తీసి వేసింది. గొళ్ళెం పడింది.

చిలక మూలకి ఒదిగింది. మెడ కిందికి దించింది.

"వెళ్ళాడా, పాలీ?"

ఇదివరకు ఇక్కడే ఉలిక్కిపడి ఏదో ఒక చప్పుడు చేసేది కెజియా. అందుకే మిగిలింది ఎప్పుడూ వినలేదు. ఈసారి ఊపిరి బిగపట్టుకుని కదలకుండా నిలబడింది.

"వెళ్ళాడులే" అంది చిలక, ఆ ఆడగొంతుతోనే, కాస్త తేలిగ్గా. "వెళ్ళాడు. ఇక మనిద్దరమే, పాలీ." ఏదో కూనిరాగం తీసింది, రెండు మూడు స్వరాలు. తరవాత ఆగిపోయింది. దాని గొంతులోంచి టక్కుమని గొళ్ళెం లేచిన చప్పుడొచ్చింది. కెజియా తన తలుపే అనుకుని తిరిగి చూసింది. తలుపు వేసే ఉంది.

"లేదండీ" అంది ఆడగొంతు, మాట మీద మాట పడుతూ. "నేనేం అనలేదండీ. చిలకతోనండీ. ఒట్టు, చిలకతోనే."

ఆ తరవాత మగగొంతు. మెత్తగా, తొందరేం లేకుండా.

"చిలకతో ఏమంటున్నావు, చిట్టీ?"

కెజియా చేతిలోంచి గరిటె జారిపోయింది. అక్కడే నేలమీద కూలబడింది. ఆ గొంతు రోజూ వింటున్నదే. ఆ పిలుపు కూడా రోజూ వింటున్నదే. తనకే పెట్టాడనుకుని మురిసిపోయిన పిలుపది.

అప్పుడు, చల్లటి రాతి నేల మీద కూర్చుని ఉండగా, మొదటిరోజు మాట గుర్తొచ్చింది. మంచి పాలీ. గినీ అడవిలో ఎవరు నేర్పారు దీనికి ఆ పేరు? ఓడ గదిలో ఎవరు నేర్పారు, ఆ మెత్తటి గొంతుతో? ఇంగ్లీషు ఇల్లొకటి ఉంది. ఆ ఇంట్లో కిటికీలో పంజరం ఉంది. ఒక ఆడమనిషి దానికి అందరూ పెట్టే పేరే పెట్టుకుని, రోజూ పిలిచి, దానితో తప్ప ఎవరితోనూ మాట్లాడే దిక్కులేక బతికింది. అతను తలుపు వేసి, వెళ్ళినట్టే వెళ్ళి, తలుపవతలే నిలబడి వినేవాడు. ఇప్పుడు ఆవిడేది? చిలక ఇక్కడుంది. అతను పెళ్ళి కానివాడిగా గుళ్ళో చాటింపు వేయించుకుంటున్నాడు. ఆవిడేది?

సోమవారం పొద్దున్నే అక్క దగ్గరికి పరిగెత్తింది. డోర్కస్ పెళ్ళి గౌను అంచు కుడుతోంది. అంతా విని సూది పక్కన పెట్టింది.

"ఒసే, నీకు మతి గానీ పోయిందా? చిలక పాలీ అందని పెళ్ళి మానేస్తావా?"

"పాలీ అనడం కాదక్కా. ఎవరు నేర్పారని."

"ఎవడో నేర్పాడు. కొత్తదని చెప్పి ఎవరిదో పాతది నీకంటగట్టాడు, మగాళ్ళ సంగతి తెలీనిదానివా? మీ బావ నాకు పెళ్ళిలో ఇచ్చిన గడియారం కూడా కొత్తదనే చెప్పాడు."

"ఆయన గొంతు పలికిందక్కా. ఆవిడ భయపడుతోంది. నా చెవులతో విన్నాను."

"నువ్వు ఆరేళ్ళుగా ఒంటిగా ఉండి గాలికి కూడా భయపడుతున్నావు. వచ్చే ఆదివారం దాటితే మంగళవారం పెళ్ళి. నా మొహం చూసైనా నోరు మూసుకో తల్లీ. ఊరంతా నవ్విపోతుంది."

"అయితే నువ్వు ఆయనతో అనకు. ఒట్టు పెట్టు."

డోర్కస్ ఒట్టు పెట్టింది. డోర్కస్ ఒట్టంటే మాకు తెలుసు కదా. మర్నాడు సంతలో అంబ్రోస్ కనిపించగానే, నవ్వుతాలుకే లెండి, "ఏమయ్యా మరిదీ, మీ చిలక మా చెల్లికి నీ గుట్టు విప్పుతోందటగా" అనేసింది. ఆవిడ చెడ్డదేం కాదు. నోటికి గొళ్ళెం లేదు, అంతే. అంబ్రోస్ కూడా ఆవిడతో కలిసి నవ్వాడట.

బుధవారం మధ్యాహ్నం వచ్చాడు. కెజియా పిండి పిసుకుతోంది. అతను కుర్చీ లాక్కుని పంజరం ఎదురుగా కూర్చున్నాడు.

"మాట్లాడుతోందట" అన్నాడు. "నేనూ వింటాను. ఏదీ, పాలీ?"

చిలక పలకలేదు. అప్పుడు తట్టింది కెజియాకి: అతని ఎదురుగా ఇది ఎన్నడూ నోరు విప్పలేదు. మొదటిరోజు ఆ రెండు మాటలూ గుడ్డ కింద, అతను కనబడనప్పుడు అన్నది. చిలక తల వంచి, రొమ్ము మీది ఈకొకటి పీక్కుని కింద పడేసింది. ఇంకోటి పీక్కుంది.

"ఏమందేమిటి?" అన్నాడు అంబ్రోస్.

"ఏం లేదండీ." ఆ మాట తన నోటినుంచి రాగానే కెజియా పిండి పిసకడం ఆపింది. ఆదివారం చిలక నోట విన్న ఆడగొంతు కూడా ఇలాగే అంది. "వాగుడు. చిలక వాగుడు."

"ఈకలు పీక్కుంటోందంటే జబ్బు చేసిందన్నమాట. ఈ ఇంట్లో చెమ్మ ఎక్కువ. రెండ్రోజులు మా పొయ్యి దగ్గర ఉంచి తెస్తాను."

వద్దండీ అందామనుకుంది. నా చిలక, ఇక్కడే ఉంటుంది అందామనుకుంది. పిండిలో చేతులు మణికట్టు దాకా కూరుకుపోయి ఉన్నాయి. అతను నల్లగుడ్డ కప్పుతుంటే చిలక ఆమెకేసే చూసింది. ఆ ఒక్క క్షణం నోరు తెరవలేకపోయినందుకు కెజియా తనని తను జన్మలో క్షమించుకోలేదు.

టక్, టక్, టక్. గొళ్ళెం పడింది.

గుట్ట మీదికి రాళ్ళ మెట్లున్నాయి. మేకుల బూట్లతో ఎవరెక్కినా చప్పుడు ఇంట్లోకి వినిపిస్తుంది. కెజియా చెవులొగ్గి వింది. చప్పుడు రాలేదు. ఒకటి, రెండు, మూడు, మనసులో ఇరవై దాకా లెక్కపెట్టింది. పెదవులు వాటంతటవే కదిలాయి. మాట బయటికి రాకుండా పళ్ళతో నొక్కిపట్టింది. తలుపవతల ఎవరో ఊపిరి వదిలారు. తరవాత, ఎంతో తరవాత, మెట్ల మీద బూట్లు వినిపించాయి.

శుక్రవారం పంజరం తిరిగొచ్చింది. డోర్కస్ కూడా అక్కడే ఉంది. అంబ్రోస్ గుడ్డ తీశాడు. లోపల బూడిదరంగు చిలక, ఎర్రతోక, అదే ఎత్తు. అతని బొటనవేలికి కట్టు కట్టి ఉంది.

"ఇది అది కాదు" అంది కెజియా.

"కాదు. అది రాత్రికి రాత్రే పోయింది. నీకు బాధగా ఉంటుందని ఓడ దగ్గర ఇంకోటి పట్టుకొచ్చాను. ఏం, ఏడుస్తున్నావా? పాలీ పోతే ఇంకో పాలీ. తేడా ఏముంది చిట్టీ, అన్నీ పాలీలే కదా."

"అదీ నిజమే" అంది డోర్కస్. "నాకైతే అదేననిపించింది."

"వేలికేమైంది?" అని అడిగింది కెజియా.

"తలుపు సందులో పడింది."

కెజియా ఆ కట్టుకేసి చూసింది. ఆ పిట్ట చచ్చేముందు కరిచింది, అనుకుంది. నాకన్నా దానికే ధైర్యముంది. దుఃఖం కన్నా సిగ్గెక్కువైంది ఆమెకి. అతను మాత్రం బల్లకి ఆనుకుని, పెళ్ళయ్యాక ఈ ఇల్లు వదిలేసి గుట్ట మీదికి మారిపోదామనీ, అక్కడ గాలి బాగుంటుందనీ, పొరుగువాళ్ళ గోల ఉండదనీ చెప్పుకుపోతున్నాడు. కొత్త చిలక గట్టిగా, ఓడవాళ్ళ బూతొకటి తిట్టి, "పాలీ!" అని అరిచింది. అక్క పగలబడి నవ్వింది. ఆ నవ్వులో అంబ్రోస్ కళ్ళు కెజియా మీదనుంచి కదల్లేదు.

ఎవరితో చెప్పుకోవాలి? పోలీసుతో చెబితే చిలక సాక్ష్యమా అంటాడు. ఆ సాక్షి కూడా పోయింది. పాదిరి గారు చిలకలు గుడ్డులోంచే పాలీ అనుకుంటూ వస్తాయంటారు. శనివారమంతా రొట్టెలు మాడ్చుకుంటూ అదే ఆలోచించింది. ఈ ఊళ్ళో ఒక్కచోట, ఒక్కసారి, ఎవరైనా చెప్పండి వింటాం అని అడుగుతారు. అడిగాక వినకుండా పోవడానికి వీల్లేదు. ఆ చోటికి వెళ్ళడమే తనకి అరిష్టం. ఇంతకన్నా అరిష్టం ఇంకేముంది నాకు, అనుకుంది.

మూడో ఆదివారం కెజియా నల్లగౌను వేసుకుని గుళ్ళోకి నడిచింది. జనం గుసగుసలు మొదలెట్టారు. పెళ్ళికూతురు చాటింపు వినడానికొచ్చింది చూడండి! డోర్కస్ గౌను పట్టి లాగినంత పని చేసింది. "ఇంటికి పోవే. కొంప మునుగుతుంది." కెజియా కదలకుండా ముందు వరసలో కూర్చుంది. వెనక వరసలో అంబ్రోస్ ఉన్నాడని చూడకుండానే తెలుసు.

పాదిరి గారు పుస్తకం తెరిచారు. అంబ్రోస్ కెల్లో, అవివాహితుడు. కెజియా ట్రిగ్, విధవరాలు. ఇది మూడోసారి, ఆఖరుసారి అడగడం. వీరిద్దరినీ కలపకూడదనడానికి ఎవరికైనా కారణం తెలిస్తే చెప్పండి. ఆయన అప్పుడే పేజీ తిప్పబోతున్నారు. ముప్ఫై ఏళ్ళలో ఆ ప్రశ్నకి ఆయనకి జవాబు వచ్చింది లేదు.

కెజియా లేచింది.

"నాకు తెలుసు" అంది.

ఎవరో ఫక్కున నవ్వి వెంటనే ఆపేశారు. పాదిరి గారు కళ్ళజోడు తీశారు. "అమ్మా కెజియా, ఇది నీ పెళ్ళే."

"అందుకే చెబుతున్నానండీ. ఆయన అవివాహితుడు కాదు. ఆయన ఇంట్లో ఒకావిడ ఉండేది. ఆయన తలుపు వేసి వెళ్ళినప్పుడల్లా, నిజంగా వెళ్ళాడో లేదో చిలకనడిగేది. నేను విన్నాను. ఆయన వెళ్ళేవాడు కాదు. తలుపు వెనకే ఉండేవాడు. ఆ చిలక మా ఇంటికొచ్చిన రోజు మీరూ ఉన్నారు. ఒక్క మాట రాదన్నాడు. వచ్చీరాగానే పాలీ అంది. మనం నవ్వాం. ఎవరు నేర్పారని అడిగామా? మీరడిగారా? నేనడిగానా?"

పాదిరి గారి మొహంలో రంగు పోయింది. ఆయనకి ఆ మధ్యాహ్నం గుర్తొచ్చిందని ముందు వరసల వాళ్ళందరికీ కనిపించింది.

"ఎవరావిడ?" అన్నారు. "పేరేమిటమ్మా?"

కెజియా ముందున్న బల్ల అంచు పట్టుకుంది. "ఆవిడ పేరు నాకు తెలీదండీ. ఆవిడ చిలక పేరొక్కటే తెలుసు."

గుళ్ళో ఎవరూ నవ్వలేదు. పదిహేడు చిలకల ఇళ్ళ ఆడవాళ్ళున్నారక్కడ. అందరూ ఒక్కసారే వెనక్కి తిరిగారు.

అంబ్రోస్ తొందరేం పడలేదు. టోపీ తీసుకున్నాడు. "అలసిపోయింది పాపం" అన్నాడు మెత్తగా. "తరవాత మాట్లాడుకుందాం, చిట్టీ." నడవలోంచి గుమ్మం దాకా నడిచాడు. జేబులోంచి పైపు తీశాడు. అందులో బూడిద లేదు, నిప్పు లేదు. అయినా చెయ్యి ఊరుకోలేదు. టక్, టక్, టక్. పెద్ద తలుపు మూసుకుంది. గొళ్ళెం పడింది.

గుడి బయట వీధిదాకా కంకర దారి. పిల్లి నడిచినా చప్పుడవుతుంది. జనమంతా చెవులు రిక్కించారు. డోర్కస్ చెల్లెలి చెయ్యి పట్టుకుంది. కంకర చప్పుడు కాలేదు.

"వెళ్ళాడా?" అని అడిగింది కెజియా, గుసగుసగా. ఆ గొంతు తనదేనని ఆమెకి ఒక క్షణం తెలియలేదు.

కిటికీ పక్కన కూర్చున్న ముసలి టాబిత మెడ సాచి బయటికి చూసింది.

"లేదమ్మా" అంది. "తలుపు వెనకే ఉన్నాడు."